టెక్సస్‌లో వ్యాపారాలు నడుపుతున్న మన తెలుగువాళ్ళకి: ‘వర్కర్స్ కాంప్ కంపల్సరీ కాదు కదా’ అనే ముందు ఒక్కసారి ఇది చదవండి

డాలస్, ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల రెస్టారెంట్లు, కేటరింగులు, గ్యాస్ స్టేషన్లు, మోటెళ్ళు, గ్రాసరీ షాపులు, కన్సల్టింగ్ కంపెనీలు నడుపుతున్న అన్నలకీ అక్కలకీ,

నమస్కారం. మీలాంటి చిన్న వ్యాపారాలకి పేరోల్, బుక్‌కీపింగ్ చేయడం నా పని. అందుకే మీ జీతాల లెక్కలు, మీ ఇన్సూరెన్స్ బిల్లులు, కొన్నిసార్లు మీరు లెక్కల్లో పెట్టనివి కూడా నా కంటపడతాయి. పేర్లు చెప్పను, ఊళ్ళు చెప్పను, కంగారు పడకండి. కానీ కొత్తగా వ్యాపారం పెట్టిన ప్రతివాళ్ళూ మొదటి మీటింగులోనే అనే మాట ఒకటుంది: “టెక్సస్‌లో వర్కర్స్ కాంప్ కంపల్సరీ కాదు కదండీ, ఎందుకు దండగ ఖర్చు?” ముందు పెట్టినవాళ్ళెవరో చెవిలో వేస్తారు, వీళ్ళు ఇంకొకళ్ళకి చెప్తారు, అలా మన సర్కిల్ అంతా పాకింది. వర్కర్స్ కాంప్, అంటే వర్కర్స్ కాంపెన్సేషన్, పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగికి వైద్యం ఖర్చూ కొంత జీతమూ ఇచ్చే ఇన్సూరెన్స్. దాని గురించే ఈ లేఖ.

కంపల్సరీ కాదన్నది నిజమే. కాలిఫోర్నియాలో ఒక్క మనిషిని పెట్టుకున్నా పాలసీ ఉండాల్సిందే, న్యూజెర్సీలోనూ న్యూయార్క్‌లోనూ అంతే. టెక్సస్ మాత్రం ప్రైవేటు యజమానిని “తీసుకుంటావా, మానేస్తావా, నీ ఇష్టం” అని వదిలేసింది. తీసుకోనివాళ్ళని ఇక్కడ నాన్-సబ్‌స్క్రైబర్ అంటారు, రాష్ట్ర సర్వేల్లో చూస్తే యజమానుల్లో నాలుగో వంతుకి అటూ ఇటూగా వీళ్ళే ఉంటారు. మీరు వింతపని ఏమీ చేయట్లేదు, చట్టం ఒప్పుకునే పనే చేస్తున్నారు. అయితే ఆ చట్టం అక్కడితో ఆగలేదు. తీసుకోని యజమాని పరిస్థితి ఏమిటో కూడా రాసిపెట్టింది, మనవాళ్ళు చదవనిది ఆ భాగమే.

టెక్సస్ లేబర్ కోడ్‌లో 406.033 అని ఒక సెక్షన్ ఉంది. దాని సారం ఇది. పాలసీ ఉంటే పనివాడికి దెబ్బ తగిలినప్పుడు తప్పెవరిదని ఎవరూ అడగరు, ఇన్సూరెన్స్ కంపెనీ డాక్టర్ ఖర్చూ జీతంలో కొంత భాగమూ ఇస్తుంది, అందుకు బదులుగా ఆ పనివాడు మీ మీద కోర్టుకి వెళ్ళే హక్కు వదులుకుంటాడు (యజమాని ఘోరమైన నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే తప్ప). 1913లో ఈ రాష్ట్రంలో ఈ చట్టం మొదటిసారి వచ్చినప్పటి నుంచీ మూల ఒప్పందం ఇదే. పాలసీ లేకపోతే అతను నేరుగా మీ మీద దావా వేయొచ్చు. అప్పుడు మామూలుగా ఏ ప్రతివాదికైనా ఉండే మూడు వాదనలు మీకు ఉండవు. “వాడి అజాగ్రత్త కూడా ఉంది” అనడానికి లేదు. “రిస్క్ ఉందని తెలిసే పనిలో చేరాడు” అనడానికి లేదు. “నేను కాదు, పక్కనున్న వంటవాడు చేసిన పొరపాటు” అనడానికీ లేదు. అతను తాగి ఉన్నాడనో, కావాలని చేసుకున్నాడనో మాత్రం వాదించవచ్చు. మీ నిర్లక్ష్యం ఉందని నిరూపించాల్సిన బాధ్యత అతనిదే, ఒప్పుకుంటాను. కానీ అది ఎంత కాస్త చూపించినా చాలు, నీ తప్పు ఇంత నా తప్పు ఇంత అని పంచి తగ్గించే లెక్క ఉండదు. ఇక ఎంత డబ్బన్న సంగతికొస్తే, పాలసీ కింద ఇచ్చేదానికి చట్టం గీత గీసింది. కోర్టులో నొప్పికి, బాధకి, ముందు ముందు పోయే సంపాదనకి జ్యూరీ ఎంత రాస్తే అంత.

ఇది కాగితం మీద చదివితే అర్థం కాదు గానీ, మన రెస్టారెంట్ కిచెన్‌లోకి వెళ్ళి చూడండి. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఒక పక్క డిష్‌వాషర్ నీళ్ళు కారి నేలంతా తడి, ఫ్రయర్ ముందు వేయాల్సిన రబ్బరు మ్యాట్ కడగడానికి తీసి వెనక గోడకి ఆనించి అక్కడే మర్చిపోయారు, టికెట్లు ప్రింటర్ నుంచి వస్తూనే ఉన్నాయి, బిర్యానీ హండీ ఇద్దరు పట్టాల్సింది ఒక్కడే ఎత్తుతున్నాడు. ఆ కుర్రాడు జారాడు, చెయ్యి నూనెలో పడింది. ఇప్పుడు లాయరు అడిగేది రెండే ప్రశ్నలు. మ్యాట్ ఎందుకు లేదు? బరువు ఎత్తడం గురించి ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా? రెండింటికీ మీ దగ్గర సమాధానం లేదు. “వాడు షూస్ సరైనవి వేసుకురాలేదండీ” అని మీరు చెప్పేది నిజమే అయినా, వాడి అజాగ్రత్తని చూపించి మీ వాటా తగ్గించుకునే దారి పాలసీ వద్దనుకున్న రోజే మూసుకుపోయింది.

ఇంతకంటే చెడ్డ పని ఇంకొకటి జరుగుతోంది, అది చూశాకే ఈ లేఖ రాయాలనిపించింది. ఒక చోట ఇలాగే ముంజేయి కాలింది. ఓనర్ మంచివాడే, వెంటనే కారులో ఎక్కించుకుని అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్ళాడు, తన కార్డే గీకాడు. కానీ దారిలో ఆ అబ్బాయితో “ఇంట్లో పకోడీలు వేస్తుంటే కాలిందని చెప్పు” అన్నాడు. అర్జెంట్ కేర్‌లో ఇచ్చే ఫారంలో ‘ఇది పనిలో జరిగిందా’ అని ఒక గడి ఉంటుంది, అక్కడ ‘లేదు’ అని టిక్ పెట్టించారు. ఆ ఒక్క టిక్‌తో ఎన్ని చిక్కులో చూడండి. ఆ అబ్బాయి హెల్త్ ఇన్సూరెన్స్‌కి అబద్ధం చెప్పినట్టయింది, ఎందుకంటే చాలా హెల్త్ పాలసీలు పనిలో తగిలిన దెబ్బలకి డబ్బు కట్టవు. చర్మం ముడుచుకుపోయి తర్వాత సర్జరీ కావాలంటే ఆ ఖర్చు ఎవరిదో తేలదు. ఓనర్‌కి కూడా లాభం లేదు, రేపు నిజం బయటికొస్తే ఆ టిక్కే అతని మీద సాక్ష్యం. దాచడానికి ప్రయత్నించాడన్న మాట జ్యూరీ చెవిన పడితే ఏమవుతుందో లాయర్ని అడగక్కర్లేదు.

నేను ఈ మాటలు చెప్పినప్పుడల్లా వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చేశాయి.

“జనరల్ లయబిలిటీ పాలసీ ఉంది కదా.” ఉంది, అది కస్టమర్ జారిపడితే కట్టేది. మామూలుగా వచ్చే జనరల్ లయబిలిటీ పాలసీలో మీ ఉద్యోగికి పనిలో తగిలిన దెబ్బని మినహాయిస్తూ ఒక క్లాజు ఉంటుంది. మీ పాలసీ ఇప్పుడే తీసి ఎక్స్‌క్లూజన్స్ పేజీ చూసుకోండి. ఒకే తడి నేల మీద కస్టమర్ పడితే కవర్ ఉంది, వెయిటర్ పడితే లేదు.

“చేరేటప్పుడే సంతకం పెట్టించుకున్నాం, ఏం జరిగినా కంపెనీకి సంబంధం లేదని.” దెబ్బ తగలకముందే హక్కులు వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం టెక్సస్‌లో చెల్లదు, అదే 406.033లో ఆ మాట సూటిగా ఉంది. దెబ్బ తగిలాక రాజీ రాయించుకోవాలన్నా అతను దెబ్బ సంగతి మీకు చెప్పాక పదో పని దినం దాకా ఆగాలి, ఎమర్జెన్సీ డాక్టర్ కాకుండా వేరే డాక్టర్ చూసి ఉండాలి, తెలిసే ఇష్టపడే చేశాడని ఉండాలి. హాస్పిటల్ బెడ్ పక్కన కూర్చుని పెట్టించుకున్న సంతకం చిత్తు కాగితంతో సమానం.

“అందరూ 1099 మీదే ఉన్నారండీ, ఎంప్లాయీలు ఎవరూ లేరు.” 1099 అంటే ఉద్యోగికి కాక కాంట్రాక్టర్‌కి ఇచ్చే టాక్స్ ఫారం. ఈ మాట వింటే నాకు నవ్వూ వస్తుంది, టెన్షనూ వస్తుంది. ఏ టైముకి రావాలో మీరు చెప్తారు, ఏ చొక్కా వేసుకోవాలో మీరు చెప్తారు, సాంబారులో చింతపండు ఎంత వేయాలో కూడా మీరే చెప్తారు. పని ఎలా చేయాలో చెప్పే అధికారం ఎవరిదన్నదే ఇక్కడ కోర్టులు చూసేది, మీరు ఏ ఫారం ఇచ్చారన్నది తర్వాత సంగతి.

“ఇన్నేళ్ళలో ఏమీ కాలేదు.” దీనికి నా దగ్గర జవాబు లేదు. కాకూడదనే కోరుకుంటున్నాను.

ఇక్కడ కన్సల్టింగ్ కంపెనీల వాళ్ళని ఒక మాట అడగాలి, ఎందుకంటే మీలో చాలామందికి పక్కన రెస్టారెంట్‌లోనో గ్యాస్ స్టేషన్‌లోనో వాటా ఉంటుంది. మీ ఐటీ కంపెనీకి వర్కర్స్ కాంప్ ఉంది. ఎందుకుంది? క్లయింటు గానీ మధ్యలో ఉన్న వెండర్ గానీ కాంట్రాక్టులో సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ అడుగుతారు, అది లేకపోతే మీ కన్సల్టెంట్ ప్రాజెక్టులో చేరలేడు. అడగ్గానే బ్రోకర్‌కి ఫోన్ చేసి సాయంత్రానికల్లా తెప్పించారు. అంటే ఏసీ గదిలో కీబోర్డు ముందు కూర్చునే మనిషికి పాలసీ ఉంది, రాత్రి రెండింటికి కౌంటర్ వెనక ఒక్కడే నిలబడేవాడికి లేదు, ఫ్రయర్ ముందు నిలబడేవాడికి లేదు. రెండు కంపెనీల్లోనూ సంతకం మీదే. క్లయింటు అడిగితే దొరికిన డబ్బు వంటవాడు అడగలేదని దొరకలేదు, అంతకంటే వేరే కారణం నాకైతే కనిపించట్లేదు.

మాటలో మాట, ఐటీ వాళ్ళకి ఇంకో చిక్కు. మీ కంపెనీ టెక్సస్‌లోదే అయినా మీ కన్సల్టెంట్ న్యూజెర్సీలో ఇంట్లో కూర్చుని పనిచేస్తుంటే అక్కడి చట్టం మీకు వర్తిస్తుంది, ‘మాది టెక్సస్’ అంటే కుదరదు. పాలసీలో ఆ రాష్ట్రం పేరు 3.ఎ అనే చోట ఉందో లేదో చూసుకోండి. ఒహాయో, వాషింగ్టన్, నార్త్ డకోటా, వయోమింగ్ ఈ నాలుగింటిలో అయితే ప్రైవేటు కంపెనీ పాలసీ చెల్లదు, ఆ రాష్ట్ర ప్రభుత్వ ఫండ్ నుంచే కొనాలి. ఒహాయోలోని కొలంబస్‌లో మన కన్సల్టెంట్లు తక్కువమందేమీ లేరు.

సరే, ఖర్చు సంగతికి వద్దాం, అసలు గొడవంతా అక్కడే కదా.

ప్రీమియం లెక్క బ్రహ్మవిద్య ఏమీ కాదు. ప్రతి పనికి ఒక క్లాస్ కోడ్ ఉంటుంది. ఆఫీసులో కూర్చునేవాళ్ళది 8810, హోటల్ గదులు సర్దేవాళ్ళది 9052, రెస్టారెంట్‌ది వేరు, రూఫింగ్‌ది వేరు. ఒక్కో కోడ్‌కి పేరోల్‌లో ప్రతి 100 డాలర్లకి ఇంత అని రేటు. 8810కి సెంట్లలో ఉంటుంది, ఇంటి కప్పులెక్కేవాళ్ళకి దానికి ఎన్నో రెట్లు. మీ పేరోల్‌ని 100తో భాగించి ఆ రేటుతో గుణించాలి. వ్యాపారం కాస్త పెద్దదైతే మీ పాత క్లెయిముల చరిత్రని బట్టి ‘ఎక్స్‌పీరియన్స్ మాడ్’ అని ఒక అంకె వస్తుంది, 1 కంటే తక్కువుంటే తగ్గింపు, ఎక్కువుంటే వడ్డన. అంతే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం, అంకెలు నేను అనుకున్నవే, మీ బ్రోకర్ ఇచ్చే రేటు వేరుగా ఉంటుంది. రెస్టారెంట్ ఏడాది పేరోల్ 2,40,000 డాలర్లు, రేటు వందకి 1.20 అనుకుందాం. ఏడాదికి 2,880. నెలకి 240. అదే రెస్టారెంట్ నెలకి 50,000 డాలర్లు కార్డుల మీద అమ్మితే, మూడు శాతం చొప్పున 1,500 డాలర్లు కార్డు కంపెనీలకి పోతున్నాయి. ఆ 1,500 గురించి ఎవరూ నాకు ఫోన్ చేసి మొరపెట్టుకోరు. ఈ 240 దగ్గరే ‘మార్జిన్లు లేవండీ’ అంటారు. మార్జిన్లు లేవన్నది నాకు తెలుసు, మీ పుస్తకాలు రాసేది నేనే. బాస్మతి బస్తా ధర పెరిగినప్పుడు, లీజు రెన్యువల్ అయినప్పుడు మీరు పడే తిప్పలు చూశాను. అయినా అసలు కొటేషన్ కూడా తెప్పించుకోకుండా ‘చాలా కాస్ట్‌లీ’ అని తేల్చేయడం సరి కాదు. 2003 ప్రాంతంలో ఈ రాష్ట్రంలో రేట్లు నిజంగానే మండిపోయేవి, ఆ రోజుల్లో వ్యాపారం పెట్టిన పెద్దలు చెప్పిన మాటే ఇంకా తిరుగుతోంది. అప్పటికీ ఇప్పటికీ రేట్లు బాగా దిగాయి.

తగ్గించుకునే దారులు కూడా ఉన్నాయి. పేరోల్‌లో టిప్స్ లెక్కలోకి రావు. ఓవర్‌టైమ్‌కి ఒకటిన్నర రెట్లు ఇస్తే ఆ పై సగం లెక్కలోంచి తీసేస్తారు, కానీ పుస్తకాల్లో విడిగా చూపిస్తేనే. ఓనర్లు తమని తాము పాలసీ నుంచి మినహాయించుకోవచ్చు, కార్పొరేషన్ ఆఫీసర్ అయితే కనీసం 25 శాతం వాటా ఉండాలి. డాక్టర్ల నెట్‌వర్క్ ఉన్న పాలసీ తీసుకుంటే తగ్గింపు ఇచ్చే కంపెనీలున్నాయి, అప్పుడు పనివాడు ఆ లిస్టులో డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. ఈ రాష్ట్రంలో ఎక్కువ మార్కెట్ ఉన్నది ఆస్టిన్‌లోని టెక్సస్ మ్యూచువల్‌కి, 1991లో రాష్ట్రం పెట్టిన ఫండ్‌గా మొదలైంది, అది ఏళ్ళుగా అర్హత ఉన్న పాలసీదారులకి డివిడెండ్ కూడా పంచుతోంది. వాళ్ళ దగ్గరే కొనమని కాదు, ఇద్దరు ముగ్గురు బ్రోకర్ల దగ్గర అడగండి.

ఒక్కటి మాత్రం చేయకండి. ప్రీమియం డబ్బు పనివాడి జీతంలో కోయకండి. ఇండియాలో ఈఎస్‌ఐకి యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడతారు కాబట్టి ఇక్కడా అలాగే అనుకునేవాళ్ళున్నారు. ఇక్కడ ఒక్క సెంటు కూడా కోయడానికి లేదు, అది చట్ట విరుద్ధం.

తక్కువ పేరోల్ చూపించి తక్కువ ప్రీమియం కట్టొచ్చు కదా అని ఒకాయన నన్ను చాలా తెలివిగా అడిగారు. మొదట కట్టేది అంచనా ప్రీమియం మాత్రమే. పాలసీ ఏడాది ముగిశాక ఆడిటర్ వస్తాడు, 941లు (ఐఆర్‌ఎస్‌కి వేసే పేరోల్ టాక్స్ రిటర్నులు), టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కి మూడు నెలలకోసారి వేసే రిపోర్టులు, 1099లు, చెక్‌బుక్ అన్నీ అడుగుతాడు. ప్లంబర్‌కి, పెయింటర్‌కి, క్లీనింగ్ వాళ్ళకి ఇచ్చిన చెక్కులు కనబడితే ‘వీళ్ళ పాలసీ సర్టిఫికెట్ ఏది’ అంటాడు. లేకపోతే వాళ్ళకిచ్చింది కూడా మీ పేరోల్‌లో కలిపే అవకాశం ఎక్కువ, తర్వాత అదనపు బిల్లు వస్తుంది. ఆ ఆడిట్ బిల్లు చూసి కోప్పడి మొత్తం పాలసీయే రద్దు చేసుకున్నవాళ్ళున్నారు. ఏడాది పొడవునా సర్టిఫికెట్లు ఒక ఫోల్డర్‌లో వేసుకుంటే ఆ బిల్లు రాదు.

ఇంత కట్టి పనివాడికి ఏం దొరుకుతుందో కూడా తెలియాలి. ఆ దెబ్బకి కావాల్సిన వైద్యం, ఎన్నాళ్ళు అవసరమైతే అన్నాళ్ళు. పనికి రాలేని రోజులకి, పోయిన జీతంలో 70 శాతం. గంటకి 10 డాలర్ల కంటే తక్కువ వచ్చేవాళ్ళకి మొదటి 26 వారాలు 75 శాతం. మొదటి వారానికి డబ్బు రాదు, రెండు వారాలు గానీ అంతకంటే ఎక్కువ గానీ పనికి రాలేకపోతే ఆ వారం కూడా కలిపి ఇస్తారు. దెబ్బ తగిలిన 30 రోజుల్లోపు యజమానికి చెప్పాలి, ఏడాది లోపు రాష్ట్రానికి క్లెయిమ్ ఫారం వేయాలి. చెప్పాక యజమాని ‘చూద్దాంలే’ అని కూర్చోకూడదు, ఒక రోజు కంటే ఎక్కువ పని పోతే ఎనిమిది రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి రిపోర్టు వెళ్ళాలి. క్లెయిమ్ వేశాడని పనిలోంచి తీసేయకూడదు, దానికి వేరే చట్టం ఉంది.

ప్రాణం పోతే అంత్యక్రియలకి 10,000 డాలర్ల దాకా, భార్యకో భర్తకో పిల్లలకో వారం వారం జీతంలో 75 శాతం. పెళ్ళి కాని కుర్రాడైతే, అతని మీద ఆధారపడ్డవాళ్ళెవరూ లేకపోయినా తల్లిదండ్రులకి 104 వారాల దాకా వస్తుంది. పనిచేసిన మనిషి గానీ, డబ్బు రావాల్సినవాళ్ళు గానీ అమెరికా పౌరులు కాకపోయినా, ఈ దేశంలో ఉండకపోయినా ఆ హక్కు ఉంటుందని టెక్సస్ చట్టంలో రాసి ఉంది. అంటే ఒంగోలులోనో ఖమ్మంలోనో ఉన్న అమ్మానాన్నలకి కూడా వస్తుంది.

ఇది ఎందుకు విడిగా రాస్తున్నానో మీకు తెలుసు. గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర కాల్పుల్లో మన పిల్లలు పోయిన వార్తలు ఈ డాలస్-ఫోర్ట్‌వర్త్ మెట్రోప్లెక్స్ నుంచే 2024లో వచ్చాయి, 2025లో వచ్చాయి. ఆ స్టోర్ల సంగతి నేను మాట్లాడట్లేదు. కానీ వార్త రాగానే మనం చేసేది గోఫండ్‌మీలో చందాలు పోగుచేయడం. వాట్సాప్ గ్రూపుల్లో తెల్లారేసరికి లింకు తిరుగుతుంది, మన వాళ్ళు ఇవ్వడంలో ఏ మాత్రం వెనకాడరు, గర్వపడాల్సిన విషయమే. అయితే పనిలో ఉండగా దొంగ వచ్చి కాల్చడం కూడా ఈ చట్టం ప్రకారం పనిలో తగిలిన దెబ్బే, వ్యక్తిగత పగతో ఎవరో వచ్చి కాల్చితేనే వేరు. పాలసీ ఉన్న చోట ఆ తల్లిదండ్రులకి హక్కుగా రావాల్సింది, లేని చోట మన దయ మీద ఆధారపడి వస్తోంది. ఉన్న చోట కూడా క్లెయిమ్ వేయాలని వాళ్ళకి చెప్పేవాళ్ళుండరు, ఏడాది గడువు ఏడుపుల్లోనే గడిచిపోతుంది.

స్టూడెంట్స్ విషయం ఎత్తకుండా దాటేయలేను. ఎఫ్-1 మీద ఉన్న పిల్లాడు అనుమతి లేకుండా బయట పనిచేస్తే వీసాకి ముప్పు, ఆ సలహా ఇమిగ్రేషన్ లాయర్ ఇవ్వాలి, నేను కాదు. క్యాష్ మీద పెట్టుకోవడం తప్పని మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ పిల్లాడికీ తెలుసు. నేను చెప్పేది ఒక్కటే, వాడు భయపడి నోరెత్తడన్న ధైర్యంతో మీరు పాలసీ మానేస్తున్నారంటే, ఆ ధైర్యం వాడి మొదటి సర్జరీ బిల్లు దాకానే. ఆ తర్వాత వాడి రూమ్మేట్ బంధువో, హాస్పిటల్ సోషల్ వర్కరో, హైవే పక్కన బోర్డు పెట్టుకున్న లాయరో ఎవరో ఒకరు చెప్తారు. వీసా తేడా ఉన్నంత మాత్రాన దెబ్బ తగిలిన మనిషికి హక్కు పోదని ఆ లాయరుకి బాగా తెలుసు.

ఇంత చెప్పినా వద్దనుకునేవాళ్ళు ఉంటారు. ఉండండి, చట్టం ఒప్పుకుంటోంది, కానీ పద్ధతిగా ఉండండి. పాలసీ లేదని రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖలోని వర్కర్స్ కాంపెన్సేషన్ విభాగానికి ఏటా ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 30 లోపు డీడబ్ల్యూసీ-005 ఫారం వేయాలి. కొత్త వ్యాపారమైతే మొదటి ఉద్యోగిని పెట్టుకున్న 30 రోజుల్లో వేయాలి. ఆన్‌లైన్‌లో అయిపోతుంది. ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే, ఒక రోజు మించి పని పోయిన ప్రతి దెబ్బనీ తర్వాతి నెల 7వ తేదీకల్లా డీడబ్ల్యూసీ-007లో చెప్పాలి. పాలసీ లేదన్న నోటీసు పనివాళ్ళకి కనబడేలా గోడకి అంటించాలి, చేరేటప్పుడు చేతికీ ఇవ్వాలి. ఇవి మానేస్తే జరిమానా రోజుకి 25,000 డాలర్ల దాకా వేసే అధికారం ఉంది, అంత వేస్తారని కాదు, అధికారం మాత్రం ఉంది. నాన్-సబ్‌స్క్రైబర్ల కోసం ఆక్యుపేషనల్ యాక్సిడెంట్ పాలసీలు అమ్ముతారు, కొన్ని బాగానే ఉంటాయి, కానీ వాటితో కోర్టు నుంచి రక్షణ రాదు, అవి కొన్నంత మాత్రాన మీరు సబ్‌స్క్రైబర్ అవ్వరు. బ్రోకర్ ఆ రెండింటినీ ఒకటే అన్నట్టు మాట్లాడితే ‘ఇది ఉంటే నా మీద దావా వేయలేరా?’ అని ఈమెయిల్‌లో అడగండి. జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి.

ఆ నోటీసు ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉంటే చాలనుకుంటారు. మీ దగ్గర పనిచేసేవాళ్ళలో ఎక్కువమందికి వచ్చే భాషలోనూ ఉండాలి. మన కిచెన్లలో సగం మంది తెలుగు, సగం మంది స్పానిష్. మన రెస్టారెంట్లలో గోడల మీద ఆవకాయ సీజన్ పోస్టర్ తెలుగులో చూశాను గానీ, ఈ నోటీసు తెలుగులో ఇంతవరకూ చూడలేదు.

చివరగా తెలుగు సంఘాల పెద్దలకి ఒక విన్నపం. ఉగాదికీ సంక్రాంతికీ స్పాన్సర్లుగా వచ్చేది ఈ వ్యాపారస్తులే. టాక్స్ సెమినార్, ఇమిగ్రేషన్ సెమినార్ ఏటా పెడతారు, హాలు నిండుతుంది. ఈసారి ఏప్రిల్ 30 లోపు ఒక శనివారం దీనికి ఇవ్వండి. ఒక బ్రోకర్ని పిలుద్దాం, పనివాళ్ళ తరఫున ఉచితంగా సాయం చేసే రాష్ట్ర సంస్థ ఆఫీస్ ఆఫ్ ఇంజ్యూర్డ్ ఎంప్లాయీ కౌన్సెల్ నుంచి ఎవరైనా రాగలరేమో అడుగుదాం. లెక్కలు నేను చేసి చూపిస్తాను. వచ్చేవాళ్ళు మీ పోయిన ఏడాది పేరోల్ రిపోర్టు, పేర్లు కొట్టేసి, వెంట తెచ్చుకోండి, మీ జనరల్ లయబిలిటీ పాలసీ కూడా. పిల్లల్ని చూసుకోవడానికి పక్క గది ఉండే హాలు అయితే మేలు, రెస్టారెంట్ వాళ్ళకి మధ్యాహ్నం మూడు నుంచి ఐదు మాత్రమే కుదురుతుంది.

ఇట్లు,
మీ లెక్కలు రాసుకునే మనిషి, ఇర్వింగ్